నలుగురికీ కనబడే చోట

ఇంగ్లండు పల్లెల్లో నడిచేవాళ్ళకి ఒక వస్తువు తప్పకుండా ఎదురవుతుంది. చర్చి ప్రహరీ పక్కనో, బస్సు స్టాపు దగ్గరో, ఊళ్ళో మిగిలిన ఒక్క దుకాణం ముందో రెండు కర్ర స్తంభాల మీద నిలబెట్టిన అద్దాల పెట్టె. పైన ఊరి పేరు చెక్కి ఉంటుంది. చాలాచోట్ల దానికి రెండు అరలు. ఒక అరకి తాళం వేసి ఉంటుంది. అందులో పారిష్ కౌన్సిల్ సమావేశం తేదీ, ఆ రోజు చర్చించే విషయాల జాబితా, గుమాస్తా పేరు, ఫోను నంబరు. రెండో అరకి తాళం ఉండదు. అందులో తప్పిపోయిన పిల్లి బొమ్మ, యోగా క్లాసు వేళలు, ఎవరైనా వచ్చి మోసుకుపోతే ఉచితంగా ఇస్తామన్న పాత పియానో.

ఇక్కడికి వచ్చిన కొత్తలో మనవాళ్ళు చాలామంది రెండో అరే చూస్తారు. పిల్లి బొమ్మ చూసి నవ్వుకుని వెళ్ళిపోతాం. ఊరి సంగతులు మాత్రం మొదటి అరలోనే ఉంటాయి. ఈ వ్యాసం ఆ తాళం వేసిన అర గురించి.

పారిష్ కౌన్సిల్ అంటే మన గ్రామ పంచాయతీకి దూరపు చుట్టం లాంటిది. అధికారాలు తక్కువ. పిల్లల ఆటస్థలం, శ్మశానం, కాలిబాటలు, కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న మడులు, ఇలాంటివి చూసుకుంటుంది. ఇంటి పన్నులో కొంత భాగం దీనికి వెళుతుంది. ఊళ్ళో ఎవరైనా ఇల్లు కట్టుకోవాలన్నా, పొలం చదును చేసి యాభై ఇళ్ళు వేయాలన్నా ఈ కౌన్సిల్ అభిప్రాయం అడుగుతారు. ఇది సమావేశం పెట్టుకోవాలంటే 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఒక షరతు పెట్టింది: కనీసం మూడు పూర్తి రోజుల ముందు ఊళ్ళో నలుగురికీ కనబడే చోట నోటీసు అంటించాలి. పూర్తి రోజులంటే, అంటించిన రోజూ సమావేశం రోజూ లెక్కలోకి రావు. ఆదివారాలూ, బ్యాంకు సెలవులూ రావు. బుధవారం సాయంత్రం సమావేశమైతే శుక్రవారానికల్లా కాగితం అద్దం వెనక ఉండాలి. గుమాస్తా మరిచిపోతే ఆ సమావేశంలో తీసుకున్న నిర్ణయాలని తర్వాత ఎవరైనా ప్రశ్నించవచ్చు.

అందుకే ఆ పెట్టెని ఊరి అలంకారం అనుకోకూడదు. అది చట్టంలో ఒక భాగం. చట్టంలో భాగం గనకే దానికి రెండు రకాల ప్రశ్నలున్నాయి. అధికారి అడిగే ప్రశ్న: అంటించారా? ఊరివాడు అడగాల్సిన ప్రశ్న: కనబడిందా? ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూస్తే నోటీసు బోర్డు చరిత్ర చాలావరకు తెలిసినట్టే.

ఈ దూరాన్ని మొదట గుర్తించినవాళ్ళు పాతకాలపు వాళ్ళే. ఏథెన్సు నగరపు సంతవీధిలో పది తెగల మూలపురుషుల కంచు విగ్రహాలు ఒక పొడవాటి రాతి దిమ్మె మీద వరసగా నిలబడి ఉండేవి. కొత్త చట్టం ప్రతిపాదించేవాడు దాని పాఠాన్ని సభకి ముందే తెల్లరంగు వేసిన పలక మీద రాసి ఆ దిమ్మె దగ్గర పెట్టాలి. సైన్యంలోకి ఎవరెవరు రావాలో తెలిపే జాబితాలు కూడా అక్కడే, ఎవరి తెగ విగ్రహం కింద వాళ్ళవి. రోములోనూ అంతే. ప్రేటరు అనే న్యాయాధికారి తన ఏడాది పదవీకాలంలో ఏ పద్ధతిలో న్యాయం చెబుతాడో తెల్లటి పలక మీద రాయించి పెట్టేవాడు. తెలుపుని లాటిన్‌లో ఆల్బస్ అంటారు కాబట్టి ఆ పలక పేరు ఆల్బం. మన ఇళ్ళలో పెళ్ళి ఫొటోలు దాచుకునే ఆల్బానికి ముత్తాత ఆ నోటీసు బోర్డే. దాన్ని కావాలని చెరిపినవాడికో పాడుచేసినవాడికో 500 బంగారు నాణేల జరిమానా ఉండేదని రోమన్ న్యాయగ్రంథం చెబుతుంది. అంటే బోర్డు పెట్టడం ఎంత ముఖ్యమో, దాన్ని కాపాడడం అంతే ముఖ్యమని వాళ్ళకి తెలుసు.

ఇంకొక సంగతి కూడా తెలుసు. రోమన్ శాసనాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది: నేల మీద నిలబడ్డ మనిషి సరిగ్గా చదువుకోగలిగే చోట దీన్ని పెట్టాలి అని. ఎంత తరచుగా వచ్చేదంటే, దాన్ని పూర్తిగా చెక్కే ఓపిక లేక పొడి అక్షరాల్లో కుదించేవారు. ఆ షరతు ఎందుకు అవసరమైందో కలిగ్యులా చక్రవర్తి కథ చెబుతుంది. క్రీ.శ. 37 నుంచి 41 దాకా ఏలినవాడు. కొత్త పన్నులు వేశాడు గానీ వాటిని రాతపూర్వకంగా ప్రకటించలేదు. ఏది నేరమో తెలియక జనం నేరాల్లో ఇరుక్కున్నారు. ప్రకటించమని జనం గట్టిగా అడిగితే చివరికి ప్రకటించాడు. ఎలాగంటే, చాలా ఇరుకైన చోట, చాలా చిన్న అక్షరాల్లో, ఎవరూ నకలు రాసుకోవడానికి వీల్లేకుండా. ఈ కథ రాసినవాడు స్యూటోనియస్. కలిగ్యులా మీద ఆయనకి ప్రేమేమీ లేదు కాబట్టి కొంచెం పెంచి రాశాడేమో అనుకున్నా, అందులోని కిటుకు మాత్రం మనందరికీ తెలిసిందే. అంటించారా? అంటించారు. కనబడిందా? ఆ సంగతి ఎవరూ అడగలేదు.

కలిగ్యులాకి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే మన కర్నూలు జిల్లాలో ఒక పెద్ద బహిరంగ ప్రకటన చెక్కారు. ఎర్రగుడి గుట్ట మీది అశోకుడి శాసనాలు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకే చోట ఉన్న స్థలమది. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, తర్వాతి పంక్తి కుడి నుంచి ఎడమకీ, అరకకట్టిన ఎద్దు సాలు చివర తిరిగినట్టు తిరుగుతాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. చుట్టుపక్కల పల్లెల్లో ఆ రాత చదవగలిగిన వాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? అశోకుడి ఆస్థానానికి ఈ ప్రశ్న తట్టకపోలేదు. కాందహారులో అదే రాజు గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ చెక్కించాడు. వాయవ్య దిక్కున ఖరోష్ఠి లిపి వాడాడు. కళింగంలోని ధౌలి, జౌగడ శాసనాల్లో దీన్ని తిష్య నక్షత్రం రోజున చదివి వినిపించాలి, మధ్యలో వీలైనప్పుడు ఒక్కడున్నా సరే వినిపించాలి అని రాయించాడు. ఎర్రగుడి శాసనంలో రజ్జుకుడనే అధికారి భేరి మోగించి జనపదంలోని వాళ్ళకి ఆజ్ఞ తెలపాలని ఉంది.

రాయి చాలదని, రాయికి ఒక గొంతు తోడు కావాలని ఆ భేరి అర్థం. తర్వాత రెండువేల ఏళ్ళ పాటు తెలుగు పల్లెలో ప్రభుత్వం మాట్లాడిన పద్ధతి చాలావరకు అదే. రాత కరణం దగ్గర ఉండేది, ఊరికి మాత్రం డప్పు మోత వినబడేది. టముకు, చాటింపు, దండోరా, ఒక్కో సీమలో ఒక్కో పేరు.

ఇంగ్లండు పల్లెలో ఆ పని చర్చి చేసింది. ఆదివారం అందరూ చేరేది అక్కడే కాబట్టి, ప్రార్థన మధ్యలోనే ఊరి కబుర్లన్నీ చదివేవారు. పన్నుల సంగతి, ఊరి వ్యవహారాలు చూసే వెస్ట్రీ అనే సభ ఎప్పుడన్న సంగతి, ఎవరు ఎవరిని పెళ్ళాడబోతున్నారన్న సంగతి. కాగితాలు అంటించే చోటు చర్చి తలుపు. 1517లో జర్మనీలోని వితెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ తన 95 వాదాలని చర్చి తలుపుకి నిజంగా మేకుతో కొట్టాడా లేదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ తలుపు విశ్వవిద్యాలయం నోటీసులు పెట్టే చోటన్న మాటలో మాత్రం పెద్ద వివాదం లేదు.

ఇంగ్లండు చర్చి తలుపు మీద పడిన నోటీసుల్లో అన్నిటికన్నా బరువైనవి భూమివి. పద్దెనిమిదో శతాబ్దంలో ఊళ్ళలో ఉమ్మడి భూములుండేవి. పేదవాడు అక్కడ ఒక ఆవుని మేపుకునేవాడు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవాడు. పెద్ద భూస్వాములు పార్లమెంటులో ఊరికో బిల్లు పెట్టించి ఆ భూముల్ని పంచుకుని కంచెలు వేశారు. మొదట్లో బిల్లు పెడుతున్న సంగతి ఊరికి చెప్పాల్సిన పని కూడా లేదు. 1774లో పార్లమెంటు దిగువసభ ఒక నియమం చేసింది: ఇలాంటి బిల్లు కోరేవాళ్ళు ఆగస్టులో గానీ సెప్టెంబరులో గానీ మూడు ఆదివారాలు ఆ ఊరి చర్చి తలుపుకి నోటీసు అంటించాలి. ఆగస్టు, సెప్టెంబరు అంటే అక్కడ కోతల కాలం. కూలివాడికి వంచిన నడుం ఎత్తే తీరిక ఉండని రోజులు. చదువొచ్చినవాడు చదివి చెప్పినా, లండన్ వెళ్ళి అభ్యంతరం చెప్పే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? నోటీసైతే ఇచ్చారు. ఆవు మేసే చోటైతే పోయింది.

ప్రకటన అనే ఆయుధాన్ని జనం తిప్పి వాడిన సందర్భమూ ఒకటుంది. ఆ నియమానికి తొమ్మిదేళ్ళ ముందు, 1765లో, నార్తాంప్టన్‌షైరులోని వెస్ట్ హాడన్ ఊళ్ళో కొత్తగా కంచెలు వేశారు. స్థానిక పత్రికలో ఒక ప్రకటన పడింది: ఫలానా రోజుల్లో ఇక్కడ ఫుట్‌బాల్ ఆట, ఆడేవాళ్ళందరూ రావచ్చు అని. జనం తండోపతండాలుగా వచ్చారు. ఆట మొదలైంది. కాసేపటికి కంచెలు పీకి కుప్పపోసి తగలబెట్టారు. ఊరి భూమి చేజారిపోతున్న సంగతి చెప్పడానికి పెట్టని శ్రద్ధ, ఆ ప్రకటన రాసినవాళ్ళు జనాన్ని పోగుచెయ్యడానికి పెట్టారు.

1837లో వచ్చిన చట్టం చర్చిలో ప్రార్థన వేళ ఊరి నోటీసులు చదవడాన్ని ఆపేసింది. వాటిని కాగితం మీద రాసి, ప్రార్థన మొదలుకాకముందే తలుపు మీదో, తలుపు దగ్గరో అంటించాలంది. గొంతు పోయి కాగితం మిగిలింది. చదువు రానివాడు నష్టపోయాడు. మెథడిస్టు, బాప్టిస్టు లాంటి వేరే శాఖల వాళ్ళు ఆ చర్చికి వెళ్ళరు కాబట్టి వాళ్ళూ నష్టపోయారు. 1894లో పార్లమెంటు పారిష్ కౌన్సిళ్ళని పుట్టించింది. చర్చి చేతిలో ఉన్న ఊరి పెత్తనం ఎన్నికైన మనుషుల చేతికి వచ్చింది. ఆ ఎన్నికల్లో పెళ్ళయిన ఆడవాళ్ళతో సహా స్త్రీలు ఓటు వేయవచ్చు, నిలబడవచ్చు. పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కుకి వాళ్ళు ఇంకో ఇరవై నాలుగేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఆ చట్టంలో నోటీసు గురించి చిన్న మాట చేరింది. వెస్ట్రీకి ఇచ్చినట్టే నోటీసు ఇవ్వండి, దాంతోపాటు ఊళ్ళో నలుగురికీ కనబడే చోట కూడా అంటించండి అని. చర్చి తలుపు దాటి నోటీసు వీధిలోకి వచ్చింది అప్పుడే. ఈనాటి అద్దాల పెట్టె ఆ మాటకి పుట్టిన బిడ్డ.

అదే 1894లో, పారిష్ కౌన్సిళ్ళ చట్టానికి కొన్ని వారాల ముందు, కలకత్తాలో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశానికి ఇంకో చట్టం చేసింది. భూసేకరణ చట్టం. అందులోనూ నోటీసు గురించి ఒక మాటుంది. ప్రభుత్వానికి ఫలానా భూమి కావాలని గెజెట్‌లో వేశాక, కలెక్టరు ఆ ప్రాంతంలో అనువైన చోట్ల దాని సారాంశాన్ని బహిరంగంగా తెలియజేయాలి అని. రెండు చట్టాల భాషా ఒకే బడిలో నేర్చుకున్నదే. ఒకచోట కనబడే చోటు, ఇంకోచోట అనువైన చోటు. ఎవరికి అనువైన చోటో చట్టం చెప్పలేదు.

తేడా ఎక్కడంటే, ఇంగ్లండు నోటీసు ఊరివాడిని సభకి రమ్మని పిలిచింది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో నోటీసు రైతుకి తన పొలం కాలవకో రైలుకట్టకో పోబోతోందని చెప్పింది. అభ్యంతరం చెప్పుకునే హక్కు మొదట్లో ఆ చట్టంలో లేనే లేదు. 1923 సవరణతో ముప్ఫై రోజుల గడువు ఇచ్చారు. 1901 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి ఐదారుగురే. చావడి గోడకి అంటించిన కాగితం మిగతా తొంభై నాలుగుమందికి ఏం చెబుతుంది? అందుకే దండోరా బతికింది.

దండోరా గురించి ముచ్చటగా రాసుకోవడం మనకి అలవాటు. పాత సినిమాల్లో అది హాస్యం కూడా. డప్పు ఎవరి భుజాన ఉందో మాత్రం తక్కువ తలుచుకుంటాం. చాలా ఊళ్ళలో ఆ పని మాదిగ కుటుంబాలకి కులం పేరుతో అంటగట్టిన వెట్టి. ఊరివాళ్ళ శుభాశుభాలూ, సర్కారు వారి ఆజ్ఞలూ అన్నీ తన గొంతుతో చాటినవాడికి ఆ ఊరి రచ్చబండ మీద కూర్చునే హక్కు లేదు. తనకంటూ చాటుకునే కబురు ఉండొచ్చని కూడా ఎవరికీ తోచలేదు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఆ ఉద్యమాన్ని జనం దండోరా అనే పిలిచారు. వంద సంవత్సరాల క్రితం చట్టం రాసినవాళ్ళు ఊహించని వాడుక అది. ఇతరుల నోటీసు మోసిన డప్పు తన సొంత నోటీసు ఇచ్చింది.

మన దగ్గర గోడ మీది రాత దిశ మార్చింది సమాచార హక్కు. 2005 నాటి చట్టం ప్రభుత్వ కార్యాలయాలు ఎవరూ అడక్కుండానే వెల్లడించాల్సిన వివరాల జాబితా ఇచ్చింది. ఎలా వెల్లడించాలో చెబుతూ, స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతిలో అంది. పద్ధతుల వరసలో మొట్టమొదటి పేరు నోటీసు బోర్డు. పత్రికలూ, ప్రసారాలూ, ఇంటర్నెట్టూ దాని తర్వాతే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ ఈ పథకంలో సామాజిక తనిఖీని గట్టిగా పట్టుకుంది. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల పని రాశారు, ఎంత కూలి ఇచ్చామన్నారు అనే లెక్కని ఊళ్ళోకి తెచ్చి బయటపెట్టడం ఆ తనిఖీకి ప్రాణం. గ్రామసభలో బిగ్గరగా చదవడం, ఊరి గోడల మీద రంగుతో రాయడం. మస్టరులో తన పేరు ఎక్కిందని తెలియని ముసలమ్మ తన పేరు గోడ మీద విని, నేనెప్పుడు పోయాను ఆ పనికి అని అడిగితే, ఆ ప్రశ్న ముందు ఏ అధికారి సంతకమూ నిలవదు. ఇక్కడ విని అనే రాశాను. గోడ మీది రాతని పక్కింటి పిల్ల చదివి వినిపిస్తుంది గనక. అశోకుడి భేరి చేసిన పనే ఇది, ఈసారి ఊరి పక్షాన.

భూసేకరణలోనూ మాట మారింది. 1984 సవరణ రెండు దినపత్రికల్లో ప్రకటించాలంది, అందులో ఒకటి ప్రాంతీయ భాషది. పాత చట్టం స్థానంలో వచ్చిన 2013 చట్టం పంచాయతీలో స్థానిక భాషలో నోటీసు పెట్టాలని విడిగా చెప్పింది. అనువైన చోట్లు అన్న ఒక్క ముక్క విప్పడానికి నూట పంతొమ్మిదేళ్ళు పట్టింది.

అయితే కనబడడమే ఎప్పుడూ మేలు అనుకుంటే పొరపాటు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోదలచిన జంట ముందుగా నోటీసు ఇవ్వాలి. వివాహాధికారి దాన్ని తన కార్యాలయంలో కనబడే చోట అంటించాలి. ముప్ఫై రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇంగ్లండులో రిజిస్ట్రారు దగ్గర ఇచ్చే పెళ్ళి నోటీసుకి గడువు 28 రోజులు. రెండు నోటీసులూ ఒకే ఇంట్లో పుట్టినవే, చర్చిలో పెళ్ళి సంగతి చదివే ఆచారం నుంచి. కానీ కులం దాటి, మతం దాటి పెళ్ళి చేసుకునే జంటకి మన ఊళ్ళలో ఆ కాగితం ఏమవుతుందో వేరే చెప్పాలా? పేర్లూ చిరునామాలూ వెతుక్కునే పని లేకుండా చేతికి అందించినట్టే. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు, జంట కోరుకుంటే తప్ప ఆ నోటీసు బయటపెట్టనక్కరలేదని తీర్పు చెప్పింది. ప్రభుత్వం లెక్క గోడకెక్కితే బలహీనుడికి రక్ష. బలహీనుడి పేరు గోడకెక్కితే ఆ గోడే వేటగాడికి దారి చూపిస్తుంది. బోర్డు మీద ఏం పెట్టాలన్న ప్రశ్న ఎవరి మీద ఎవరి కన్ను ఉండాలన్న ప్రశ్నే.

ఇక బోర్డు ఒంటి సంగతి. ఇంగ్లండులో బోర్డు చెయ్యడానికి ఓక్ కర్ర, అల్యూమినియం, లేదా పాత ప్లాస్టిక్కుని కరిగించి చేసిన పలకలు వాడతారు. ఓక్ అందంగా ముదురుతుంది గానీ తడికి తలుపు ఉబ్బి పట్టేస్తుంది. అల్యూమినియం ఉబ్బదు, తుప్పు పట్టదు. అద్దం బదులు వేసే పారదర్శక ప్లాస్టిక్కు ఎండకి కొన్నేళ్ళలో పసుపెక్కుతుంది. లోపల కార్కు పలకైతే గుండుసూదులు, ఇనుప పలకైతే అయస్కాంతాలు. గాలి ఆడే సన్నని రంధ్రాలు అడుగున లేకపోతే చలికాలం పొద్దున లోపలి వైపు నీటి ఆవిరి పట్టి, కాగితం మీది సిరా కారిపోతుంది. ఎండకి ఎదురుగా పెడితే ఎర్ర అక్షరాలు ముందు మాసిపోతాయి. ముఖ్యమైన మాట ఎర్రగా రాసే అలవాటు మనకి ఉంది కాబట్టి, ముందుగా మాయమయ్యేది ముఖ్యమైన మాటే. బోర్డు మధ్యభాగం నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా ఉండాలి, చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ళకీ అందాలి, ముందున్న నేల బురద కాకూడదు. నేల మీద నిలబడ్డ మనిషి సరిగ్గా చదువుకోగలిగే చోటన్న రోమన్ల షరతుకి ఇది ఈనాటి వ్యాఖ్యానం.

కట్టడం ఒక్క రోజు పని. చూసుకోవడం ఏళ్ళ తరబడి సాగే పని. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంటే ఆ మనిషి సెలవు మీద వెళ్ళిన వారం బోర్డు మూగబోతుంది. పాత కాగితాలు తియ్యకపోతే కొత్త కాగితం వాటిలో కలిసిపోతుంది. రెండు నెలల నాటి నోటీసు ఇంకా వేలాడుతుంటే, దారిన పోయేవాళ్ళు ఆ బోర్డు వైపు చూడడం మానేస్తారు. ఒకసారి మానేసిన చూపు మళ్ళీ తెచ్చుకోవడం కష్టం. నోటీసు అంటించడం చట్టం అడిగే పని. గడువు తీరినదాన్ని తియ్యడం ఎవరూ అడగని పని. బోర్డు బతికేది మాత్రం ఈ రెండో పని వల్లే.

ఇప్పుడు అందరికీ ఫోన్లున్నాయి కదా, వాట్సాప్ గుంపులున్నాయి కదా, ఈ పెట్టెలెందుకు అని అడిగేవాళ్ళున్నారు. గుంపులోకి రావాలంటే ఎవరో ఒకరు చేర్చాలి. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాడిని, కాస్త వేరుగా కనబడేవాడిని, అందరితో పడనివాడిని ఎవరూ చేర్చరు. బోర్డు ముందు నిలబడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంటర్నెట్టులో వెతకాలంటే ఏం వెతకాలో ముందే తెలియాలి. బోర్డు మీద తెలియని సంగతే ఎదురొస్తుంది. దూరదేశంలో కాపురం పెట్టిన మనలాంటి వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

తాళం వేసిన అరలో కనబడే కొన్ని కాగితాల అర్థం చెబుతాను. కౌన్సిల్లో ఒక సీటు ఖాళీ అయితే నోటీసు పెడతారు. శని, ఆదివారాలూ సెలవులూ పోగా పద్నాలుగు రోజుల్లో ఆ ఊరి ఓటర్లు పదిమంది రాసి అడిగితే ఎన్నిక జరగాలి. అడగకపోతే కౌన్సిలే తనకి నచ్చినవాళ్ళని చేర్చుకుంటుంది. చాలా ఊళ్ళలో ఎవరూ అడగరు. వేసవిలో ఇంకో కాగితం వస్తుంది: కౌన్సిల్ లెక్కలు ముప్ఫై పని దినాలు తెరిచి ఉంటాయి, వచ్చి చూసుకోవచ్చు అని. జూలై మొదటి పది పని దినాలు అందులో తప్పకుండా ఉంటాయి. బండ్లపల్లి గోడకి ఇది ఇంగ్లీషు బంధువు. వీధి దీపపు స్తంభానికి కట్టిన కాగితమైతే అది కట్టడానికి అనుమతి కోరిన నోటీసు. అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు.

ఎన్నికల ముందు ఇంకో కాగితం వస్తుంది, ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో చెబుతూ. భారత పాస్‌పోర్టుతో, వీసా మీద ఇంగ్లండులో చట్టబద్ధంగా ఉంటున్న పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి కామన్వెల్తు పౌరుడిగా ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, పారిష్ నుంచి పార్లమెంటు దాకా ఓటు వేయవచ్చు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకీ, ఉద్యోగం మీద వచ్చినవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. ఏళ్ళ తరబడి ఇక్కడుండీ ఈ సంగతి తెలియని తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ దాచలేదు. అంటించారు. మనం పిల్లి బొమ్మ చూసి వెళ్ళిపోయాం.

ఈసారి అటు వెళ్ళినప్పుడు ఎడమ అరో కుడి అరో, తాళం ఉన్న వైపు నిలబడి చదవండి. తేదీ చూడండి. కాగితం పాతదైతే, అద్దం మసకబారితే, అక్షరాలు కనబడకపోతే గుమాస్తా ఫోను నంబరు అక్కడే ఉంటుంది. మర్యాదగా చెప్పండి. వింటారు. మీ ఊరు తెలుగు రాష్ట్రాల్లో ఉంటే, ఈ వేసవికి వెళ్ళినప్పుడు పంచాయతీ ఆఫీసు గోడ కూడా ఒకసారి చూడండి. ఏ తేదీ దగ్గర ఆగిందో చదివి, పక్కన చదువురాని పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి బిగ్గరగా వినిపించండి.